మేస్త్రీకి నేను చెప్పిన సద్దు

మా సత్రంలో పెట్టే వినాయకుడి విగ్రహాన్ని ఆళ్లగడ్డ నుంచి ఎద్దులబండి మీద తెచ్చినారు. చుట్టూ కట్టిన వరిగడ్డి తీసి విగ్రహాన్ని దించుతా, దాని వెంట వచ్చిన శిల్పి తన ఊరి సంగతులు చెప్పుకుంటా వచ్చినాడు. వానలు లేవన్నాడు. మంచి బండ దొరకడం కష్టమైందన్నాడు. అదే గొంతుతో, "మా చిన్నాయన పోయినాడప్పా, నెల దాటింది. ఈడే నంద్యాల్లో కార్లు బాగుచేస్తాండె గదా, చెవిటి మేస్త్రీ. ఆయప్పే" అన్నాడు.

నేను విగ్రహం ఒరగకుండా ఒక పక్క పట్టుకోనుంటి. "పట్టు, పట్టు" అని వాళ్లు అరిస్తే గాని నా చేతులు సడలినాయని నాకే తెలియలేదు.

చెవిటి మేస్త్రీ అని నేను ఆయన్ని ఏనాడూ పిలవలేదు. నాకు ఆయన అన్న. ఆ పేరు పెట్టింది ఊరు. ఊరు ఆ పేరు పెట్టిన పొద్దు నేను అక్కడే నిలబడి ఉంటిని, నోరు మూసుకోని.

ఆయన షెడ్డు స్టేషనుకు పోయే దారిలో ఉండేది. పైన నాలుగు రేకులు, కింద గచ్చు, వెనక రెండు గదుల ఇల్లు. మనిషి పొట్టి. ముంజేతులు మాత్రం రాళ్లు కొట్టే వంశపువి, దుంగల్లాగా ఉండేవి. మెకానిక్కులందరూ పని అయినాక చేతులు కడుక్కుంటారు. ఈయన పనికి ముందు కడుక్కునేవాడు. బూడిదేసి, మోచేతుల దాకా రుద్ది, తుడుచుకోని, అప్పుడు ఇంజను మూత తీసేవాడు. "లోపల దుమ్ము పడితే అది మనకు చెప్పుకోల్యాదు గదప్పా" అనేవాడు. అయినాక కడుక్కోవడం మాత్రం గుర్తుండేది కాదు. ఆ నల్లటి చేతులతోనే అన్నానికి కూచుంటే వదిన కంచం వెనక్కి లాక్కునేది.

కారు వచ్చిందంటే వెంటనే ముట్టుకునేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరిగి, వాకిట్లో గొంతుక్కూచోని, దూడను అమ్మవచ్చిన రైతును అడిగినట్ల అడిగేవాడు: "ఇది యాడ పండుకుంటాంది? ఎండలోనా, నీడలోనా? పొద్దున లేస్తూనే లేస్తాందా, బతిమిలాడితే లేస్తాందా?" కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లే తర్వాత వెదుక్కుంటా వచ్చేవాళ్లు.

ఇంకొక అలవాటు. మూరెడు టేకు పుల్ల ఒకటి ఉండేది ఆయన దగ్గర. ఇంజను నడుస్తా ఉంటే, పుల్ల ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్లతో కరిచి పట్టుకోని కండ్లు మూసుకునేవాడు. ఒక్కొక్క చోట ఆనించుకుంటా పోయి, తటాలున కండ్లు తెరిచి, "మూడోది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఊరంతా దాన్ని ఆయన హస్తవాసి అనుకునేది. మేమందరమూ అట్లే అనుకున్నాము.

మాది శెనక్కాయల వ్యాపారం. దేశం వదిలి పోతాన్న ఒక రైల్వే దొర దగ్గర మా నాయన చిన్న కారు ఒకటి కొన్నాడు. నలుగురు సర్దుకోని కూచుంటే అయిదో మనిషికి చోటు లేని కారు. కర్నూలు రాజధాని అయినాక మా రోడ్ల మీద పెద్దకార్లు ఎక్కువైనాయి. పెండ్లయిన కొత్తలో నా భార్యను కూచోబెట్టుకోని ఆళ్లగడ్డకు పోతాంటే, ఒక పెద్దకారు హారన్ కొట్టి దాటిపోయింది. దాని వెనక లేచిన దుమ్ము ఆమె తల్లోని మల్లెపూల మీద పడి పూలు గోధుమరంగైనాయి. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మరుసటి రోజు పొద్దున్నే షెడ్డుకు పోయినాను.

"అన్నా, దీనికి ఇంకొంచెం బలం రాదా?"

"ఎందుకప్పా?"

"ఆ పెద్దకార్లను దాటాల."

"దాటి యాడికి పోతావ్?"

"ఆళ్లగడ్డకే."

"ఆళ్లగడ్డ యాడికీ పోదు లేప్పా, ఆడే ఉంటాది" అని తన పనిలో పడినాడు.

మూడుసార్లు అడిగినా ఆయన నోరు విప్పలేదు. నాలుగోసారి బొగ్గుముక్క తీసుకోని గచ్చు మీద కోడిగుడ్డు బొమ్మ గీసినాడు. ఇంజను కడుపులో ఒక ఇనుప కడ్డీ ఉంటుందట, కామ్ షాఫ్టు అంటారు దాన్ని. దాని మీద కోడిగుడ్ల మాదిరి ఎత్తులు ఉంటాయి. కడ్డీ తిరిగేకొద్దీ ఆ ఎత్తులు వాల్వులను లేపుతాయి, దించుతాయి. ఎత్తు ఎక్కువ ఉన్న షాఫ్టు వేస్తే వాల్వు ఎక్కువ లేస్తుంది, ఎక్కువసేపు తెరుచుకోనుంటుంది, గాలీ పెట్రోలూ ఎక్కువ లోపలికి పోతాయి.

"బలమొస్తాది. ల్యాదనను. కానీ పరుగులోనే వస్తాది ఆ బలం. నిలబడినప్పుడు తడబడతాది. ఎద్దులబండి ఎనక నిదానంగా పోవాల్సొస్తే ఏడుస్తాది. అన్నీ కావాలంటే కుదరదప్పా. ఏది కావాలో నువ్వు చెప్పు."

"పరుగే కావాల" అన్నాను. నాకప్పుడు ఇరవై ఆరేండ్లు.

ఆయన కండ్లలో అప్పుడు చూసినాను. ఆయనకు గూడా అదే కావాల. ఎన్నో ఏండ్లుగా ఎవరో ఒకరు అడుగుతారని ఎదురు చూస్తా ఉన్నాడు.

మద్రాసుకు సరుకు పనిమీద పోయినప్పుడు, పాత సామాన్ల బజారులో ఆయన చెప్పిన రకం షాఫ్టు వెదికి, గోనెపట్టాలో చుట్టి రైల్లో ఒళ్లో పెట్టుకోని తెచ్చినాను. మూడు రోజులు పట్టింది మార్చడానికి. ముందున్న రేడియేటరు తీసినాడు, గొలుసు మీది మూత తీసినాడు, గొలుసు విప్పినాడు. పాత షాఫ్టును, కాన్పు చేసే మంత్రసాని ఎంత నిదానంగా ఉంటుందో అంత నిదానంగా, యాడా తగలకుండా బయటికి తీసినాడు. కొత్తది దూర్చి, పండ్లచక్రాల మీది చుక్కలు రెండూ ఎదురెదురు వచ్చేదాకా తిప్పి, గొలుసు ఎక్కించినాడు. మూడోరోజు మధ్యాహ్నం ఇంజను లేచింది. లేచి, చెప్పినట్లే తడబడింది. కుంటుతా, ఎగురుతా, షెడ్డు రేకులు అదిరేటట్ల కొట్టుకుంది.

ఆయన పుల్ల తీసి పండ్ల మధ్య పెట్టుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. పుల్ల జరిపినాడు. మళ్లీ జరిపినాడు. మొగం మీద చెమట కారతా ఉంది. ఎప్పుడూ లేంది, పుల్ల కింద పెట్టేసి నా తట్టు చూసినాడు.

"అప్పా, ఎట్లుండాది సద్దు?"

నేను నవ్వినాను. "మేస్త్రీ నువ్వా, నేనా?"

వదిన దగ్గర్లో లేదు గదా అని చూసుకోని, నా దగ్గరికొచ్చి చెప్పినాడు. "ఎడం చెవి యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులోనే పాయ. కుడిది రెండేండ్లుగా పోతాంది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే మొగం చూసి తెలుసుకుంటాండా. ఇంజన్లను పండ్లతో ఇంటాండా. ఈ షాఫ్టు తడబాటుకు పండ్లకు అన్నీ కలిసిపోతాండాయి. ఎవరికీ చెప్పొద్దప్పా. చెవుల్లేని మేస్త్రీ దగ్గరికి ఎవరొస్తారు?"

పళ్లతో పుల్ల కరిచేది హస్తవాసి కాదని అప్పుడు తెలిసింది నాకు. ఇంజను మీదికి వంగి, చెవి పెట్టి విన్నాను. నాకు తెలిసిన మాటలతోనే చెప్పినాను. "ముందరి పక్క శెనక్కాయలు వొలిచినట్ల టకటకమంటాంది. వెనక పక్క ఏమీ లేదు." ఆయన వంగి ఏదో బిగించినాడు. "ఇప్పుడు?" "తగ్గింది. ఇప్పుడు ఒట్టి తడబాటే." "అది ఉంటాది" అని నిట్టూర్చినాడు.

ఆ సాయంత్రమే ఆళ్లగడ్డ రోడ్డు ఎక్కినాము. ఊరు దాటేదాకా కారు మొరాయించింది. రోడ్డు ఖాళీగా, తిన్నగా దొరికినాక తొక్కినాను. ఒక్కసారిగా ఎవరో వెనక నుంచి తోసినట్లయింది. మేమిద్దరమూ సీటుకు అతుక్కుపోయినాము. దారిలో ఒక పెద్దకారును దాటినాము. ఆయన ఆ కారును చూడనే లేదు. అరచెయ్యి ముందర రేకుకు ఆనించి నా మొగం చూస్తా ఉన్నాడు.

"ఎట్లుంది, చెప్పప్పా, ఎట్లుంది సద్దు?"

"కొత్త పట్టుచీర ఒక కొస నుంచి ఇంకో కొసకు చించినట్లుంది అన్నా."

"యాడా చిక్కుకోకుండానా?"

"యాడా చిక్కుకోకుండా."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పినాను. తిరిగి వచ్చేటప్పుడు గూడా చెప్పించుకున్నాడు. నలభై అయిదేండ్ల మనిషి, పసిపిల్లోని మాదిరి మోకాళ్ల మీద చేతులు కొట్టుకుంటా నవ్వినాడు.

ఆ తర్వాత రెండేండ్లు నేను ఆయనకు చెవులైనాను. అంగడి కట్టేసినాక సాయంత్రం షెడ్డుకు పోయేవాణ్ణి. ఊరికే మాటలకు వచ్చినట్ల ఇంజను పక్కన నిలబడేవాణ్ణి. తడిగుడ్డ విదిలించినట్ల, పోపు చిటపటలాడినట్ల, కొడవలి నూరినట్ల, ఏది వినపడితే అది మెల్లగా ఆయన ఎదుటికి వచ్చి చెప్పేవాణ్ణి. ఆయన తలూపి సరైన చోటే చెయ్యి పెట్టేవాడు. ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు. నాకు అదొక గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే, నా బతుకులో నేను ఇంకొకరికి నిజంగా అక్కరకొచ్చింది ఆ రెండేండ్లే.

నా కారు పరుగు చూసి ఆళ్లగడ్డ దగ్గరి పల్లె పెద్దరైతు ఒకాయన వచ్చినాడు. ఆయనదీ అదే రకం కారు. "శెట్టి కారుకు చేసినట్లే నాదానికీ చెయ్" అన్నాడు. మద్రాసులో ఇంకో షాఫ్టు దొరకలేదు. అన్న ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకున్నాడు. నా కారులోంచి తీసిన పాత షాఫ్టును జిన్నింగ్ మిల్లులోని వెల్డింగు షెడ్డుకు తీసుకుపోయి, ఎత్తుల మీద ఇనుము కరగబోయించుకోని వచ్చి, ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టినాడు. పన్నెండు రోజులు. అరగదీసి, వేలితో తడిమి, మళ్లీ అరగదీసి. వాళ్ల నాయనా, వాళ్లన్నా రాయిలో కంటిరెప్పను తీసేది ఎట్లనో నేను చూడలేదు గానీ, ఇట్లనే ఉంటుందనుకున్నాను. చివరిరోజు నా వేలు పట్టుకోని ఆ ఎత్తు మీద పెట్టి, "యాడన్నా తగిలిందా?" అన్నాడు. నా వేలు నీళ్ల మీద జారినట్ల జారింది.

ఆ కారు ఇచ్చేయాల్సిన సాయంత్రమే నా భార్య గిద్దలూరు నుంచి రైలుకు వస్తాంది. కాన్పుకు పుట్టింటికి పోయి, మూడు నెలల కూతురితో వస్తాంది. నేను బిడ్డను అప్పటికి ఒక్కసారే చూసినాను. స్టేషనుకు పోతా పోతా షెడ్డు దగ్గర ఆగినాను.

"బాగా ఇనప్పా" అన్నాడు అన్న. "ఆ తడబాటు కింద ఇంకో సద్దు దాక్కోనుంటే పండ్లకు దొరకడం ల్యా."

విన్నాను. "బాగుంది" అన్నాను. ఆయన ఏదో బిగించి, "ఇప్పుడు ఇను" అన్నాడు. విన్నాను, బాగుందన్నాను. మూడోసారి వినమన్నాడు. అప్పుడు వినపడింది. ముందర, గొలుసుండే చోట, పట్టీలు పెట్టుకున్న పసిబిడ్డ దూరంగా నడిచినట్ల, సన్నగా. చెబితే మూత విప్పుతాడు. విప్పితే నన్ను గంటసేపు నిలబెడతాడు. అవతల రైలు కూత వేసింది.

"బాగుందన్నా, బ్రహ్మాండంగా ఉంది" అని స్టేషను తట్టు చూస్తా, చేత్తో సైగ చేసి చెప్పి, పరుగెత్తినాను.

తొమ్మిది రోజులకు ఆ రైతు వాళ్ల నాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ముసలాయన్ను కారులో వేసుకోని నంద్యాల ఆసుపత్రికి బయల్దేరినాడు. శిరివెళ్ల దాటినాక గొలుసు తెగింది. ఇంజను నిలిచిపోయింది. మిట్టమధ్యాహ్నం. బస్సు లేదు. ఒక బండి దొరికేసరికి రెండు గంటలయింది. బండి నంద్యాల చేరకముందే ముసలాయన పోయినాడు. తొందరగా చేర్చినా బతికేవాడో లేదో ఎవరికి తెలుసు? కానీ ఆ రెండు గంటలు కొడుకు ఒళ్లో తల పెట్టుకోని రోడ్డు వారన పండుకున్నాడు ఆయన.

కర్మకాండలు అయినాక రైతు షెడ్డుకు వచ్చినాడు. వెనక పదిమంది. నేను నా కారు పక్కన నిలబడి ఉంటి. అన్న వాళ్లకు వీపు పెట్టి ఏదో అరగదీస్తా ఉన్నాడు. రైతు మూడుసార్లు గట్టిగా పిలిచినాడు. అన్న తల తిప్పలేదు. అప్పుడు అర్థమైంది అందరికీ.

"చెవుడా నీకు? చెవుడు పెట్టుకోని మిషన్లు ముట్టుకుంటాండావా? మా నాయన్ను చంపితివి గదరా!" భుజం పట్టి తిప్పి, చెప్పు తీసి కొట్టినాడు. చెంప మీద ఒకటి, తల మీద రెండు.

వదిన పరుగెత్తుకోని వచ్చింది. అన్న చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రైతు మొగం చదివి, జరిగింది తెలుసుకున్నాడు. ఆ తర్వాత రైతు భుజం మీదుగా నన్ను చూసినాడు. ఎంతసేపని చెప్పేది? ఒక్క రెప్పపాటు. నేను నోరు తెరవొచ్చు. "వినింది నేను, బాగుందని చెప్పింది నేను" అంటే చాలు. అనలేదు. నా నోటిని ఎవరూ పట్టుకోలేదు.

"సద్దు ఇనేది నా పనే సామీ" అన్నాడు అన్న. "నాకు వినపడల్యా. తప్పు నాదే."

పదిహేను రోజుల్లో షెడ్డు మూతపడింది. ఒక్క కారు గూడా రాలేదు. నాకు చెప్పకుండానే సామాను బస్సు మీదకెక్కించి ఆళ్లగడ్డకు, వాళ్లన్న దగ్గరికి పోయినారు.

ఎనిమిది నెలలు నేను ఆ ఊరి వైపు పోలేదు. పోయినప్పుడు, ఆయన వాళ్లన్న శిల్పాల కొట్టంలో ఒక మూల కూచోని ఉన్నాడు. విగ్రహాలకు నీళ్లు పోసి రాయితో నున్నగా రుద్దే పని ఇచ్చినారు ఆయనకు. నన్ను చూసి లేచి, పంచెతో చేతులు తుడుచుకోని, కూచునేదానికి గోనెపట్టా వేసినాడు. బిడ్డ పేరు అడిగినాడు. నడుస్తాందా అనడిగినాడు. ఎదురుగా కూచోని, పెదాలు కనపడేటట్ల నిదానంగా చెప్పినాను.

"అన్నా, ఆ పొద్దు గొలుసు సద్దు నాకు వినపడింది. చెప్పలేదు."

"తెలుసప్పా" అన్నాడు. "ఎప్పుడూ నా మొగం చూసి చెప్తాంటివి. ఆ పొద్దు చూడల్యా."

"తెలిసీ కారు ఎందుకిచ్చినావన్నా?"

చేతిలోని రాయిని తిప్పుతా ఉన్నాడు.

"నీ మాట గూడా నమ్మకపోతే ఇంగ నేను ఆ పని చెయ్యల్యాను గదా. అందుకే నమ్మినా."

నాకు ఏడుపొచ్చింది. "నేను పోయి అందరికీ చెప్తానన్నా, ఆ రైతుకు గూడా చెప్తా" అన్నాను. "ఇప్పుడేం చెప్తావులే, పోనీ" అన్నాడు. దాచకుండా చెబుతాను: ఆ మాట విని నా గుండె తేలికైంది. సెలవు దొరికినట్ల లేచి వచ్చేసినాను. అది జరిగి రెండేండ్లయింది.

ఆయన పోయినాడని విన్న మర్నాడు ఆళ్లగడ్డకు పోయినాను. వదిన వాకిట్లో బియ్యం ఏరుతా ఉంది. ఎముకల గూడులాగా అయింది. నన్ను చూసి, "రా నాయనా, నిన్ను శానాసార్లు తలుచుకుంటాండె" అంది. నీళ్లిచ్చింది. తర్వాత చేట పక్కన పెట్టి అడిగింది.

"నిన్నొక మాట అడగాలని ఉండాది. ఈడందరూ అంటాంటారు, చెవుడు దాచిపెట్టి ఒక మనిషిని చంపినాడని. ఆయన్నడిగితే నోరు తెరవల్యా. ఆ షాఫ్టు పన్నెండు దినాలు నా కండ్ల ముందర చేసినాడు. ఆయన చేతిపని తప్పిపోయిందా, నిజం చెప్పు."

"లేదు వదినా. ఆ కారు ఇంజను విప్పి చూసినప్పుడు నేనున్నా. ఆ షాఫ్టు మీద గీత గూడా పడలేదు. తెగింది పాత గొలుసు. అది వదులుగా కొట్టుకోవడం నాకు వినపడింది. వినపడినా, బాగుందని ఆయనకు చెప్పినాను. నా భార్య రైలుకు వస్తాంటే ఆలస్యమవుతాదని."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టుంటే బాగుండు. లేచి, నా మణికట్టు పట్టుకోని, వెనకున్న కొట్టంలోకి తీసుకుపోయింది. ఆమె బావ, అంటే మేస్త్రీ వాళ్లన్న, ఆయన కొడుకులు, ఇంకా ఆరేడుమంది రాళ్లు చెక్కుతా ఉన్నారు.

"ఆపండి" అనింది. ఒక్కొక్క సుత్తే ఆగింది. "ఇప్పుడు చెప్పు నాయనా."

మొదటిసారి గొణిగినట్ల చెప్పినాను. "గట్టిగా చెప్పు" అనింది. గట్టిగా చెప్పినాను, మొదటి నుంచి చివరి దాకా. వాళ్ల బావ ఉలి కింద పెట్టి తల వంచుకున్నాడు. వదిన గోడవారన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది.

"ఆయన పోయిన నాడు గూడా ఏడవల్యాప్పా ఆయమ్మ" అన్నాడు బావ, మెల్లగా.

కాసేపటికి ఆమె మొగం తుడుచుకోని లేచింది.

"నంద్యాలకు పోయే దారిలోనే గదా ఆ రైతు ఊరు?"

"దారిలోనే వదినా."

"పొద్దుండంగానే పో."